అకార్డియన్‌కు వెనక ట్రాక్ పెట్టుకుని వాయిస్తే మోసమా?

మీరు అకార్డియన్ (ఛాతీకి తగిలించుకుని, తిత్తి లాగుతూ రెండు చేతులతో వాయించే పెట్టె) నేర్చుకుంటున్నారట, తోడుగా కీబోర్డులో ముందే చేసిపెట్టుకున్న ట్రాక్ పెట్టుకుని స్టేజీ ఎక్కితే మోసం అంటారా అని అడిగారు. మోసమేమీ కాదు. డ్రమ్స్‌కు, గిటారుకు, తబలాకు విడివిడిగా డబ్బులిచ్చే పెళ్ళివాళ్ళు మా కడపలో ఇప్పుడు ఎవరున్నారు? డీజేకి అడిగినంత ఇస్తారు, ఆర్కెస్ట్రా అనగానే బేరం మొదలుపెడతారు. కాబట్టి పెట్టుకోండి. నేను కీబోర్డు వాయిస్తాను, ట్రాకులు చేసిస్తాను కూడా. అయితే అందులో బేస్ (అడుగున మోగే మంద్ర స్వరాలు), కార్డ్స్ (ఒకేసారి కలిసి పలికే స్వరాలు) మాత్రం ఉండకూడదు. నా గొడవంతా దాని గురించే.

మా చిన్నాయన అకార్డియన్ వాయిస్తాడు. ఒక రిసెప్షన్‌కు పెళ్ళివాళ్ళే ఏదో స్టూడియోలో ట్రాకులు చేయించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. డ్రమ్స్, బేస్, వయొలిన్లు అన్నీ అందులోనే. మొదటి స్వరానికే చిన్నాయన మొహం మాడిపోయింది. ఆయన పెట్టె 'ఎ' స్వరం సెకనుకు 442 కంపనాలకు ట్యూన్ చేసింది, ట్రాక్‌ది 440. రెండూ కలిస్తే సెకనుకు రెండుసార్లు అల లాగా ఊగుతుంది, పై స్థాయిలో నాలుగుసార్లు. కీబోర్డయితే మెనూలోకి వెళ్ళి సర్దేస్తాం. అకార్డియన్ రీడ్లను, అంటే గాలికి అదిరి పలికే లోహపు నాలుకలను, అట్లా కుదరదు, పెట్టె విప్పి ఒక్కో రీడును గీకాలి. పెళ్ళి మండపంలో అది అయ్యే పనేనా?

సరే, ఎట్లో లాక్కొస్తున్నాడు. పల్లవి అయ్యేసరికి ముందు వరసలో ఒక పెద్దాయన "ఇంకోసారి పల్లవి వాయించు సామీ" అని అరిచాడు. పద్యనాటకాలు చూసి పెరిగిన మన సీమ జనానికి వన్స్‌మోర్ అనడం అలవాటే కదా, హార్మోనియం ఆయన మళ్ళీ ఎత్తుకునేవాడు. పెన్‌డ్రైవ్‌కు పెద్దాయన మాట వినపడదు. చిన్నాయన పల్లవికి తిరిగొచ్చాడు, ట్రాక్ చరణంలోకి వెళ్ళిపోయింది. నాలుగు మాత్రలు రెండూ కొట్టుకున్నాయి. "ఆపరా అబ్బీ ఆ ట్రాక్‌ను" అన్నాడు నాతో. ఆపేశాను. ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ వాయించే పిల్లోడు ఒక్కడే తాళం పట్టుకున్నాడు, చిన్నాయన ఎడమ చేయి అప్పుడు లేచింది. ఆ పల్లవి ఎన్నిసార్లు తిప్పాడో, పెద్దాయన ఊరుకునేదాకా తిప్పాడు.

పెద్ద సైజు అకార్డియన్‌లో ఎడమవైపు 120 గుండీలు ఉంటాయి. రెండు వరసలు బేస్ స్వరాలకు, మిగతా నాలుగు వరసల్లో ఒక్క గుండీ నొక్కితే పూర్తి కార్డ్. బ్యాండు చంకలోనే ఉంది కదండీ! దాని మీద ట్రాక్‌లోనూ బేస్ వేస్తే ఎడమ చేయి తిత్తి లాగే కూలీ అయిపోతుంది. ఈ మధ్య నేర్చుకునేవాళ్ళలో చాలామందికి ఎడమ చేయి రాకపోవడానికి కారణం ఇదే, ఎవరేమన్నా నేను ఒప్పుకోను.

ఎలక్ట్రానిక్ అంటేనే నాకు పడదనుకోకండి. 2004లో ఎలక్ట్రానిక్ వాద్యాలు చేసే రోలాండ్ కంపెనీ వాళ్ళు రీడ్లే లేని డిజిటల్ అకార్డియన్ తెచ్చారు. అది కూడా అకార్డియనే అంటాను నేను, ఎందుకంటే తిత్తి లాగితేనే పలుకుతుంది, గట్టిగా లాగితే గట్టిగా పలుకుతుంది. కీబోర్డులో 'అకార్డియన్' టోన్ నొక్కి వీడియోలు పెట్టేవాళ్ళున్నారే, వాళ్ళతోనే నా పేచీ. ఊపిరి తీసుకోని అకార్డియన్ ఎక్కడైనా ఉంటుందా?

మీరు చేయాల్సింది చెప్తాను. ముందు మీ పెట్టె 'ఎ' స్వరాన్ని ఫోన్‌లో ట్యూనర్ యాప్‌తో చూడండి. 442 ఉంటే ట్రాక్‌ను ఇంట్లోనే దాదాపు 8 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరోవంతు) పైకి జరిపించండి. ట్రాక్ చేసే అబ్బాయికి డ్రమ్స్ మాత్రమే చాలని గట్టిగా చెప్పండి, బేస్ లేకపోతే బోసిగా ఉంటుందని వాడు అంటాడు, వినొద్దు. పల్లవిని ఒకే ఫైలులో కలిపేయకుండా లూపుగా, అంటే తిరిగి తిరిగి మోగే ముక్కగా, విడిగా ఇమ్మనండి, కాలితో నొక్కే స్విచ్ పెట్టుకుంటే ఎన్నిసార్లయినా తిప్పుకోవచ్చు. ప్యాడ్ వాయించే పిల్లోడు దొరికితే మాత్రం ఇవేవీ అక్కర్లేదు, వాడికి భోజనం ముందే పెట్టించండి.