బర్గర్ తిన్న రాత్రి ఛాతీలో బరువు.. గ్యాసేనా?

డాక్టర్ సలహా

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. నెల్లూరులో రొయ్యల మేత వ్యాపారం చేస్తున్నాను. బీపీకి కొన్నేళ్లుగా రోజూ అమ్లోడిపిన్ 5 ఎంజీ వేసుకుంటున్నాను. ఈమధ్య పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 238 వచ్చాయి. మా మేనల్లుడు బెంగళూరు నుంచి వచ్చేసినప్పటి నుంచి ఆదివారం రాత్రి అందరం కలిసి మాగుంట లేఅవుట్ వైపు బర్గర్లు తినడానికి వెళ్తున్నాం. పెద్ద క్రిస్పీ చికెన్ బర్గర్, చీజ్ పోసిన ఫ్రైస్, కూల్‌డ్రింక్ తీసుకుంటాను. ఇల్లు చేరేసరికి పదకొండవుతుంది. పడుకోగానే గొంతులోకి పుల్లటి నీళ్లు, ఛాతీలో మంట. సోమవారం పాదాలు వాస్తున్నాయి. బర్గర్ తిని వచ్చిన రాత్రి లిఫ్టు పనిచేయక మూడో అంతస్తు ఎక్కినప్పుడు రెండుసార్లు ఛాతీ పట్టేసినట్టయింది. కాసేపు నిలబడితే తగ్గింది. గ్యాస్ మాత్ర వేసుకుని పడుకున్నాను. మా ఆవిడ బర్గర్లు మానేయమంటోంది. పిల్లలతో, బావమరిది వాళ్లతో సరదాగా కూర్చునేది ఆ ఒక్క పూటే. మానక తప్పదా? వెజ్ బర్గర్‌కి మారితే సరిపోతుందా? ఆదివారం ఒక్కరోజు బీపీ మాత్ర రెండు వేసుకోవచ్చా? మా అమ్మకు 71 ఏళ్లు, పాపకు 10. వాళ్లు తినొచ్చా?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీరు అడిగింది బర్గర్ గురించే అయినా, నా కళ్లు మాత్రం మెట్ల దగ్గరే ఆగిపోయాయి. మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేయడం, నిలబడితే తగ్గడం అని ఎవరైనా చెబితే ఏ ఫిజీషియనూ మొదట గ్యాస్ అనుకోడు. మొదట అనుమానించేది గుండెనే. అది కాదని తేలాకే మిగతావి. మీకు 46 ఏళ్లు, బీపీ ఉంది, షుగర్ గీత దగ్గర ఉన్నారు, ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాల్సింది 238 ఉన్నాయి. ఇన్ని పెట్టుకుని ఆ పట్టేయడాన్ని గ్యాస్ మాత్రతో సరిపెట్టడం నాకు అస్సలు నచ్చలేదు.

మరి బర్గర్ తిన్న రోజే ఎందుకు వచ్చిందంటారా? కడుపు నిండా తిన్నాక జీర్ణాశయానికి, పేగులకు రక్తం ఎక్కువ కావాలి. అది అందించడానికి గుండె మామూలు కంటే ఎక్కువ పనిచేస్తుంది. అదే సమయంలో మూడు అంతస్తులు ఎక్కితే కాళ్ల కండరాలకూ రక్తం పంపాలి. గుండె రక్తనాళాల్లో ఎక్కడైనా పూడిక మొదలై ఉంటే, మామూలు నడకలో తెలియనిది ఇలాంటి రాత్రే బయటపడుతుంది. దాన్నే ఆంజైనా అంటాం. భారీ భోజనం తర్వాత ఆంజైనా రావడం వైద్యుల అనుభవంలో పాత సంగతే. అది బర్గరే కానక్కర్లేదు, పెళ్లిలో బిర్యానీ తిని మెట్లెక్కినా వస్తుంది.

పడుకున్నప్పుడు వచ్చే పుల్లటి నీళ్లు, మంట వేరే కథ. అది అన్నవాహికలోకి ఆమ్లం ఎగదన్నడం వల్ల కావచ్చు. ఆ మంట పడుకుంటే, ముందుకు వంగితే ఎక్కువవుతుంది. ఆంజైనా నొప్పి శ్రమ చేస్తే వచ్చి, ఆగితే తగ్గుతుంది. చాలామందిలో రెండూ ఉంటాయి, చిక్కంతా అక్కడే వస్తుంది. తేన్పు వచ్చి తేలికయింది, నిమ్మకాయ సోడా తాగితే సర్దుకుంది అని చెప్పి రోజుల తరబడి తిరిగేవాళ్లను సోమవారం ఓపీలో చూస్తూనే ఉంటాం. తేన్పు వచ్చినంత మాత్రాన గుండెకు ఏమీ లేదని అనుకోవడానికి లేదు.

అందుకని ఈ వారంలోనే గుండె డాక్టర్‌కు చూపించుకోండి. నెల్లూరులో ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) ఉంది, ప్రైవేటులోనూ కార్డియాలజిస్టులు ఉన్నారు. ఈసీజీ తీస్తారు. నొప్పి లేని సమయంలో పడుకోబెట్టి తీసిన ఈసీజీ మామూలుగా వచ్చినంత మాత్రాన ‘ఏమీ లేదట’ అని ఇంటికి వచ్చేయకండి. మెట్ల సంగతి డాక్టర్‌కు నాకు రాసినట్టే చెప్పండి. ఎకో (గుండె స్కానింగ్), ట్రెడ్‌మిల్ పరీక్ష లాంటివి మీకు ఏవి అవసరమో వాళ్లు నిర్ణయిస్తారు. ఈలోగా భారీ భోజనం వద్దు, తిన్నాక మెట్లు వద్దు. లిఫ్టు పనిచేయకపోతే కింద కూర్చోండి, గంట ఆలస్యమైనా పర్వాలేదు. ఛాతీ బరువు కొద్ది నిమిషాలు కూర్చున్నా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, ఆయాసం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి తీసి మీరే నడుపుకుంటూ వెళ్లొద్దు.

ఇక బర్గర్ల సంగతి. కార్డియాలజిస్టు భయం లేదన్నాక మీ ఆదివారాలు పూర్తిగా పోనక్కర్లేదు. మీ ఆవిడ భయం న్యాయమైనదే, కానీ నిషేధం పెట్టాల్సింది బర్గర్ మీద కాదని నా అభిప్రాయం.

మీరు తింటున్నది బేకరీలో దొరికే చిన్న బర్గర్ కాదు, ఇప్పుడు గౌర్మెట్ బర్గర్ పేరుతో అమ్ముతున్న పెద్దది. పైన మెరిసే బ్రియోష్ బన్ ఉంటుంది, దానిలో వెన్న, గుడ్డు, చక్కెర మామూలు బన్‌లో కంటే ఎక్కువ. లోపల మందమైన ప్యాటీ (మాంసం లేదా దుంపల బిళ్ల), చీజ్, మగ్గబెట్టిన ఉల్లిపాయ, రెండు మూడు రకాల సాస్‌లు. వీటిలో మీకు ఎక్కువ మేలు చేసేది ప్యాటీయే, గ్రిల్ చేసినదైతే. క్రిస్పీ అంటే పిండిలో ముంచి నూనెలో వేయించినది. అదే చికెన్ అయినా ఆ పూత పీల్చిన నూనె, మైదా అదనంగా లోపలికి పోతాయి. తర్వాత సాస్‌లు: ఒక పెద్ద చెంచా మయోనైజ్‌లోనే 90 కేలరీలకు పైగా ఉంటాయి. బర్గర్‌లో వేసేది ఒక చెంచాతో ఆగదు, వేళ్ల మధ్య నుంచి కారుతుంటే మనమే చూస్తాం కదా.

నన్ను ఒక్కటే తీసేయమంటే మాత్రం కూల్‌డ్రింక్ తీసేస్తాను. 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, అంటే దాదాపు 8 చిన్న చెంచాలు. రోజు మొత్తం మీద విడిగా కలుపుకునే చక్కెర 25 గ్రాములు దాటకపోతే మంచిదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆ ఒక్క గ్లాసుతోనే అది దాటిపోయారు. ట్రైగ్లిజరైడ్లను పెంచేది నూనె కంటే ముందు ఈ చక్కెర, మైదా, మద్యం. మీరు రాయలేదు కానీ, ఫ్రెండ్స్‌తో వెళ్లే పూట బీరు కూడా ఉంటే ఆ 238కి సగం సమాధానం అక్కడే దొరకొచ్చు. కూల్‌డ్రింక్‌లోని గ్యాస్ కడుపును ఉబ్బించి ఆమ్లాన్ని పైకి తోస్తుంది కూడా. మంచినీళ్లు తాగండి, లేదా ఉప్పూ చక్కెరా లేని నిమ్మకాయ నీళ్లు.

ఆర్డర్ ఇలా పెట్టండి: గ్రిల్డ్ చికెన్, ఒకే ప్యాటీ, చీజ్ ఒక్క ముక్క, సాస్‌లు వేరే గిన్నెలో. ఫ్రైస్ మనిషికో ప్లేటు వద్దు, టేబుల్ మొత్తానికి ఒకటి చాలు, దాని మీద చీజ్ పోయించొద్దు. బర్గర్ వచ్చాక పై బన్ తీసి పక్కన పెట్టి, ముందు కూర ముక్కలు, ప్యాటీ ఫోర్క్‌తో తినండి. బన్ చివర్లో, సగం. మాంసం, కూరలు ముందు తిని పిండి పదార్థాలు తర్వాత తింటే రక్తంలో షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. మీ మేనల్లుడు నవ్వుతాడు, నవ్వనివ్వండి.

వెజ్‌కి మారితే చాలా అంటే, చాలదు. ఎక్కువ చోట్ల వెజ్ ప్యాటీ అంటే బంగాళాదుంప, పైన రొట్టె పొడి, నూనెలో వేపుడు. బన్ మైదా, లోపల దుంప, పక్కన ఫ్రైస్ కూడా దుంపే. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ అంటాం. 6.1లో ఉన్న మీకు దీనికంటే గ్రిల్డ్ చికెనే మేలు.

ఇంకో మాట. బర్గర్ విదేశీది కాబట్టి చెడ్డది, మనది ఏదైనా మంచిదే అనే లెక్క నాకు ఒప్పదు. ఉదయం నెయ్యి కారం దోసెలు రెండు, మధ్యాహ్నం ఎండు చేపల కూర, అప్పడాలు, ఆవకాయ, రాత్రి బర్గర్ అయితే ఆ రోజు ఉప్పు లెక్క ఎప్పుడో దాటిపోయింది. రోజుకు ఉప్పు 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రెండూ చెబుతున్నాయి. అంటే ఒక చిన్న చెంచా. చీజ్, సాస్‌లు, ఫ్రైస్ కలిసిన పెద్ద బర్గర్ భోజనంలో అందులో సగం సులువుగా వచ్చేస్తుంది. పది, అంతకు మించి శాఖలున్న రెస్టారెంట్లు మెనూలో కేలరీలు చూపాలని 2022 నుంచి దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. మన ఊళ్లో ఒకటే బ్రాంచి ఉన్న కేఫ్‌కి అది వర్తించదు కాబట్టి మీ లెక్క మీరే వేసుకోవాలి. రాత్రి బర్గర్ ఉన్న ఆదివారం మధ్యాహ్నం ఊరగాయ, అప్పడం, ఎండు చేపలు పక్కన పెట్టండి. అలాగని మధ్యాహ్నం పస్తుండి రాత్రికి వెళ్లకండి, ఆకలి మీద ఇచ్చే ఆర్డర్ ఎప్పుడూ పెద్దదే. సాయంత్రం ఉడకబెట్టిన శనగలో, ఉప్పు వేయని మజ్జిగో పడితే చాలు.

పాదాల వాపుకు ఉప్పు ఒక కారణం కావచ్చు. కానీ మీరు వేసుకునే అమ్లోడిపిన్ వల్ల కూడా చీలమండల దగ్గర వాపు వస్తుంది, అది దీనికి బాగా తెలిసిన దుష్ప్రభావం. ఇదే మాత్ర అన్నవాహిక కింది కవాటాన్ని కొంత వదులు చేసి మంటనూ పెంచగలదు. కాబట్టి మందు మార్చాలా అన్నది కార్డియాలజిస్టునే అడగండి. మీ అంతట మీరు ఆపొద్దు. ఆదివారం రెండు వేసుకుంటానన్నారు చూడండి, అది అసలే వద్దు. ఈ మాత్ర డోసు మారిస్తే దాని పూర్తి ప్రభావం తెలియడానికి వారం దాకా పడుతుంది. ఒక్కరోజు రెండు మింగితే అది బర్గర్ ఉప్పుకు విరుగుడు కాదు, వాపు మాత్రం పెరగొచ్చు. గుండె, కిడ్నీ పరీక్షలు అయ్యాక కూడా వాపు తగ్గకపోతే మళ్లీ రాయండి.

మంట తగ్గాలంటే మెనూ కంటే ముందు టైమ్ మార్చండి. కొవ్వు ఎక్కువున్న భోజనం కడుపులోంచి నెమ్మదిగా దిగుతుంది. పదిన్నరకు తిని పదకొండున్నరకు పడుకుంటే అది ఎటు పోతుంది? ఏడింటికల్లా వెళ్లి ఎనిమిదిన్నరకు బయటపడండి. ఆ వేళకు టేబుళ్లూ ఖాళీగా ఉంటాయి, పాపకు నిద్ర కూడా రాదు. తినడానికి, పడుకోవడానికి మధ్య మూడు గంటలు ఉండాలి. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. మంచం తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టండి, దిండ్లు పేర్చుకుంటే మెడ వంగుతుంది తప్ప ఉపయోగం ఉండదు. పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు తిండికి అరగంట ముందు వేసుకుంటేనే సరిగా పనిచేస్తాయి. మంట మొదలయ్యాక మింగడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. వారాల తరబడి వాడాల్సి వస్తుంటే డాక్టర్‌ను అడగాలి, మెడికల్ షాపు వాళ్లను కాదు. గుండె పరీక్షలు బాగున్నాయని తేలాక, తిన్నాక పావుగంట నెమ్మదిగా నడిస్తే షుగర్‌కూ మంచిదే. కారు కాస్త దూరంగా పార్క్ చేస్తే ఆ నడక అదే అయిపోతుంది.

ఇక మీ అమ్మగారు. ఆమె విషయంలో కేలరీల కంటే ప్యాటీ ఉడికిందా లేదా అన్నదే ముఖ్యం. మాంసం ముక్క మీద ఉన్న బ్యాక్టీరియా పైపైనే ఉంటుంది, కాల్చగానే చస్తుంది. కీమా చేస్తే అది లోపలి దాకా కలిసిపోతుంది. 1993లో అమెరికాలో సరిగా ఉడకని హాంబర్గర్ల వల్ల ఈ-కోలై అనే బ్యాక్టీరియా సోకి 700 మందికి పైగా జబ్బు పడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. మటన్ కీమా ప్యాటీ మధ్యలో 71 డిగ్రీల సెల్సియస్, చికెన్‌ది 74 డిగ్రీలు చేరాలి. మన దగ్గర థర్మామీటర్ ఉండదు కాబట్టి మొదట మధ్యకు కోసి చూడండి. చికెన్ లోపల గులాబీ రంగు ఉన్నా, జిగటగా గోరువెచ్చగా ఉన్నా మొహమాటం లేకుండా వెనక్కి పంపించండి. మందమైన ప్యాటీలో ఈ ఇబ్బంది ఎక్కువ, రేకులా నొక్కి కాల్చే స్మాష్ బర్గర్‌లో తక్కువ.

మయోనైజ్ గురించి కూడా అడగండి. పచ్చి గుడ్డుతో చేసినదైతే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఉంటుంది. అందుకే కేరళ 2023 జనవరిలో, తెలంగాణ 2024 అక్టోబరులో, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో దాన్ని నిషేధించాయి. 71 ఏళ్ల వయసులో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది, అందుకే గుడ్డు లేనిదైతేనే తినమనండి. బీపీ, షుగర్ ఆమెకూ ఉంటే మీకు చెప్పిన ఉప్పు, కూల్‌డ్రింక్ మాటలు ఆమెకూ వర్తిస్తాయి. పళ్లు కట్టించుకుని ఉంటే బర్గర్‌ను నాలుగు ముక్కలు చేయించండి.

పాప నిరభ్యంతరంగా తినొచ్చు. చిన్న సైజు బర్గర్, మంచినీళ్లు. అందరితో కలిసి ఒక పూట తిన్నదానికి కేలరీల పాఠం చెప్పి ఆ పిల్ల సరదా చెడగొట్టకండి. రోజూ స్కూల్ బ్యాగులో వెళ్లే చిప్స్ ప్యాకెట్ల మీద పెట్టండి ఆ శ్రద్ధ.