ఎంచుకునేవాడు వేరు, నేర్పేవాడు వేరు కాకూడదు

చిరంజీవి కార్తీక్‌కు,
మావయ్య దీవించి రాసేది.

ఉద్యోగం వచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆఫెన్సివ్ లైన్ (బంతి మన చేతిలో ఉన్నప్పుడు ముందు వరుసలో నిలబడి అవతలివాళ్ళని అడ్డుకునేవాళ్ళు) కోచింగ్, దాంతోపాటు ఆ రాష్ట్రంలో రిక్రూటింగ్, అంటే కుర్రాళ్ళని వెతికి టీమ్‌లోకి తెచ్చే పని కూడా నీదేనట. పోయిన సీజన్‌లో మీ టీమ్ రెండే మ్యాచ్‌లు గెలిచిందని బావ కొంచెం దిగులుగా చెప్పాడు. దిగులెందుకు? గెలిచే టీమ్‌లో నీ వయసువాడికి ఫిల్మ్ కత్తిరించే పని తప్ప ఇంకేం ఇవ్వరు.

నేను కోచ్‌ని కాదు, అథ్లెట్లకు చదువు విషయంలో అడ్వైజర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. కానీ ఆ ఆఫీసులో కూర్చుంటే కోచ్‌లు వచ్చి ప్లేయర్ల మీద చెప్తారు, ప్లేయర్లు వచ్చి కోచ్‌ల మీద చెప్తారు. అందుకే ఓడే ప్రోగ్రామ్‌ల తగువు నాకు బాగా తెలుసు. కోచ్ "నా దగ్గర సరుకు లేదు" అంటాడు. రిక్రూటింగ్ చూసేవాళ్ళు "మంచివాళ్ళని తెస్తే మీరే పాడుచేశారు" అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. అయితే మొదటివాడిది చాలాసార్లు ఆడలేక మద్దెల ఓడు అన్న బాపతే.

టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ సంగతే చూడు. 2022లో దేశంలోనే మొదటి ర్యాంకు రిక్రూటింగ్ క్లాస్ (ఆ ఏడు చేర్చుకున్న కొత్త ప్లేయర్ల బృందం) వాళ్ళది. ఆ సీజన్లో ఐదు గెలిచి ఏడు ఓడారు. మరుసటి ఏడు నవంబర్‌లో హెడ్ కోచ్ జింబో ఫిషర్‌ని సాగనంపడానికి ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా ఒప్పుకోవాల్సి వచ్చింది. హైస్కూల్ ప్లేయర్లకి రేటింగ్‌గా ఇచ్చే స్టార్‌లు అబద్ధమని అనను. కానీ పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, వాడెంత గట్టివాడైనా, ఇరవై రెండేళ్ళవాడి ముందు లైన్‌లో నిలబడాలంటే టైమ్ పడుతుంది. ఆ టైమ్‌లో వాడికి ఎవరు ఏం నేర్పుతున్నారన్నదే లెక్క.

దానికి ఎదురుగా కాన్సస్ స్టేట్‌ని పెట్టు. హెడ్ కోచ్‌గా బిల్ స్నైడర్ 1989లో అడుగుపెట్టేనాటికి ఆ టీమ్ వరసగా 27 ఆటల్లో గెలుపు ముఖం చూడలేదు. మొదటి సంవత్సరం ఒక్కటే గెలిచాడు, రెండో సంవత్సరం ఐదు, మూడో సంవత్సరం ఏడు. 1998లో రెగ్యులర్ సీజన్ మొత్తం ఓటమి లేకుండా ముగించాడు. పేరున్న హైస్కూల్ ప్లేయర్లు కాన్సస్‌లోని మారుమూల మ్యాన్‌హాటన్ ఊరికి రారని ఆయనకు తెలుసు. అందుకని జూనియర్ కాలేజీల్లో రెండేళ్ళు ఆడి, ఒళ్ళు గట్టిపడ్డ కుర్రాళ్ళని వెతికాడు. తన పద్ధతిలో ఎవరు ఇముడుతారో ముందే తెలుసు కాబట్టి వాళ్ళనే తెచ్చుకున్నాడు. దాన్ని రిక్రూటింగ్ అంటావో, కోచింగ్ అంటావో నువ్వే చెప్పు.

పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ప్లేయర్లు పేరు రాయించుకునే జాబితా) వచ్చాక అంతా మారిపోయిందంటారు. మారింది వేగం. ఇండియానా యూనివర్సిటీకి కోచ్‌గా వచ్చిన కర్ట్ సిగ్నెట్టి, అంతకుముందు జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలో తన దగ్గరున్న పదిమందికి పైగా ప్లేయర్లని వెంట తెచ్చుకున్నాడు. 2023లో మూడు గెలిచిన టీమ్, 2024లో పదకొండు గెలిచింది. వాళ్ళకి స్టార్‌లు పెద్దగా లేవు, కానీ వాళ్ళు ఏం చేయగలరో ఆయన రోజూ ప్రాక్టీస్‌లో చూసినవాడు. కొలరాడో కూడా 2023లో యాభై మందికి పైగా కొత్తవాళ్ళని తెచ్చింది. వాళ్ళలో మెరుపులాంటివాళ్ళు ఉన్నారు, కానీ లైన్ నిలబడలేదు. పాపం బంతి విసిరే ఆ క్వార్టర్‌బ్యాక్ ఒక్క సీజన్‌లోనే యాభైసార్లకు పైగా కింద పడ్డాడు. నువ్వు లైన్ కోచ్‌వి కదా, ఆ ఆటలు ఓపిగ్గా చూడు.

కాబట్టి మొదటి పని ఫోన్ పట్టుకుని హైస్కూళ్ళకి కొట్టడం కాదు. ఇప్పుడున్న నీ లైన్‌మెన్‌ని ఒక్కొక్కణ్ణీ పిలిచి కూర్చోబెట్టు. వాడికి ఏం నేర్పారు, ఏం నేర్పలేదు, ఎన్నిసార్లు పొజిషన్ మార్చారు, అడుగు. కోచ్ మారినప్పుడల్లా టెక్నిక్ మారి, చివరికి ఏదీ రానివాళ్ళు ఓడే టీమ్‌లో బోలెడుమంది ఉంటారు. నువ్వు బాగుచేయగలిగినవాడు పోర్టల్‌లోకి వెళ్ళిపోతే, వాడి స్థానంలో వచ్చేవాడికి మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాలి. సీజన్‌లో వారానికి ఇరవై గంటలే నీ చేతిలో ఉంటాయి, అందులోనే మీటింగులు, బరువులు, ప్రాక్టీస్ అన్నీ. కొత్త ప్లేలు తర్వాత. ముందు ఫాల్స్ స్టార్ట్‌లు (ఆట మొదలవకముందే కదలడం), హోల్డింగ్ (అవతలివాణ్ణి పట్టుకుని ఆపడం) పెనాల్టీలు తగ్గించు. ఓడే టీమ్‌కి అక్కడే రెండు గెలుపులు దొరుకుతాయి.

ఇక హైస్కూల్ కుర్రాళ్ళు. మంచి ముక్కలే ఏరి కూర్చిన హైలైట్ రీల్ చూసి, టీమ్‌లో చేరమని ఆఫర్ ఇవ్వకు. పూర్తి ఆట అడుగు, అదీ వాళ్ళు ఓడిపోయిన ఆట. మూడో క్వార్టర్‌లో, బంతి అవతలివైపు వెళ్ళినప్పుడు ఆ కుర్రాడు ఏం చేస్తున్నాడో చూడు. కుస్తీ పట్టేవాడైతే ఒక మార్కు ఎక్కువ వెయ్యి, నడుము వంచడం, కాళ్ళు కదపడం వాడికి ముందే వచ్చి ఉంటుంది. డబ్బు గురించి తండ్రి అడిగితే, ఆ విషయం హెడ్ కోచ్ మాట్లాడతారని చెప్పి ఊరుకో. 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బిస్తున్నాయి కదా, ఆ అంకెలు నీ నోటినుంచి రాకూడదు. మొదటి ఏడే ఆడిస్తానని మాత్రం ఎవరికీ, ఎంత టెన్షన్‌లో ఉన్నా, మాటివ్వొద్దు. ఆ మాట పట్టుకుని నా ఆఫీసుకొచ్చి ఏడ్చిన పిల్లలున్నారు.

మీ దగ్గర రిక్రూటింగ్ ఆఫీసు వేరే ఉంటుంది. వాళ్ళు జాబితా తయారుచేసి ఇస్తారు. తీసుకో, మర్యాదగా. కానీ నీ గదిలోకి వచ్చే లైన్‌మన్ ఎవరన్న దాంట్లో ఆఖరి మాట నీదే కావాలని హెడ్ కోచ్‌ని ముందే అడుగు. ఒప్పుకోకపోతే, కనీసం వద్దనే హక్కైనా అడుగు.

ఇంకోటి. ఎవరికైనా ఆఫర్ ఇచ్చేముందు మీ అకడమిక్ అడ్వైజర్ దగ్గర ఓ గంట కూర్చుని వాడి ట్రాన్స్‌క్రిప్ట్ చూపించు. మార్కులు కాదు చూడాల్సింది. తొమ్మిదో తరగతిలో తడబడి పన్నెండుకి నిలదొక్కుకున్నాడా, టీచర్ కష్టంగా ఉన్న చోట కోర్సు వదిలేశాడా అన్నది. వదిలేసే అలవాటున్నవాడు నువ్వు నాలుగోసారి కేకేసిన రోజున పోర్టల్‌లో పేరు రాయించుకుంటాడు.

ఉంటాను,
మావయ్య