జర్మన్ షెపర్డా, రాట్‌వీలరా? మొదటిసారి కుక్కని పెంచేవాళ్లకి ఏది నయం?

మొదటిసారి పెంచేవాళ్లకైతే జర్మన్ షెపర్డే నయం, కాకపోతే రోజూ గంటసేపైనా తిప్పే ఓపిక ఉండాలి, జుట్టు కూడా బాగా రాలుతుంది. ఎందుకంటే షెపర్డ్ గొర్రెల్ని కాస్తూ మనిషి చెప్పింది వినడానికి 1899 నుంచి జర్మనీలో తయారుచేసిన జాతి, రాట్‌వీలరేమో రాట్‌వైల్ ఊళ్లో కసాయివాళ్ల పశువుల్ని తోలి, బండ్లు లాగిన కుక్క, బలమూ మొండితనమూ రెండూ ఎక్కువే. ఉదాహరణకి గేటు దగ్గరికి కొరియర్ అబ్బాయి వచ్చాడనుకోండి, మగ షెపర్డ్ 30-40 కిలోలే కాబట్టి గొలుసు పట్టుకుని ఆపొచ్చు, మగ రాట్‌వీలర్ 50 దాటుతుంది, చిన్నప్పుడే ట్రైనింగ్ ఇవ్వకపోతే పెద్దవాళ్లని కూడా ఈడ్చుకెళ్తుంది. రాట్‌వీలర్ పుట్టుకతోనే కరిచే జాతి అనుకుంటారు చాలామంది, అది తప్పు, కొత్తమనుషుల్ని అలవాటు చేయకుండా ఎప్పుడూ కట్టేసి పెంచితే షెపర్డ్ కూడా కరుస్తుంది.