కాయకి బండి చూసే ముందు

నూజివీడు

చిరంజీవి చిన్నోడికి మామయ్య దీవించి రాసేది.

ఈ ఏడు మామిడి కాయని విజయవాడ పక్కనున్న నున్న మామిడి మార్కెట్‌కి తోలకుండా నేరుగా హైదరాబాద్‌లో ఇళ్లకి, కొంత ఢిల్లీ షావుకారుకి పంపుతానని ఫోన్‌లో చెప్పావు. చాలా సంతోషం. కానీ నువ్వు మొదట అడిగింది "కిలోకి కిరాయి ఎక్కడ తక్కువ మామయ్యా?" అని. ముప్పై ఏళ్లు కాయ ఎగుమతి చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, అది చివర్న అడగాల్సిన ప్రశ్న. ముందు రెండు సంగతులు తేల్చుకో. కోసిన కాయ ఇంకా ఎన్ని రోజులు ఆగుతుంది? నీ ఇంటి నుంచి తినేవాళ్ల ఇంటికి చేరేలోపు దాన్ని ఎన్నిసార్లు దించి ఎక్కిస్తారు?

నాకు ఇది నష్టపోయాకే తెలిసింది. ఒక మే నెలలో ఢిల్లీ లోడుకి రిటర్న్ బండి, అంటే సరుకు దించి ఖాళీగా తిరిగెళ్లే లారీ, చౌకగా దొరికిందని ఒప్పుకున్నాను. రాత్రి బయల్దేరాల్సిన లారీ, డ్రైవర్ ఇంకేదో లోడు కోసం చూస్తూ మర్నాడు మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడింది. పైగా వానొస్తుందేమోనని టార్పాలిన్ పట్టా నాలుగు వైపులా బిగించి కట్టారు. ఢిల్లీ మండీలో నా ముందే పట్టా విప్పారు. పెట్టెలో గడ్డి తీసి చెయ్యి పెడితే, ఉడుకుతున్న అన్నం గిన్నె మీద మూత తీసినట్టు వేడి తగిలింది. కింది వరస కాయలు తొడిమ దగ్గర నల్లబడ్డాయి, నొక్కితే వేలు లోపలికి దిగింది. ఆ పులిసిన వాసన ఇప్పటికీ మర్చిపోలేదు.

కోసినంత మాత్రాన కాయ ఊపిరి ఆగిపోదు. ఊపిరి తీస్తున్నంతసేపూ వేడి పుట్టిస్తుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే కాయ త్వరగా మాగుతుంది, మాగిన కాయ వదిలే ఇథిలీన్ అనే వాయువు పక్క కాయల్ని కూడా మాగబెడుతుంది. అందుకే లారీ మాట్లాడేటప్పుడు కిరాయితో పాటు ఇవి కూడా ఖాయం చేసుకో: లోడు సాయంత్రం అవ్వాలి, రాత్రే కదలాలి, దారిలో వేరే సరుకు ఎక్కించకూడదు, ముందూ వెనకా గాలి ఆడేలా పట్టా కట్టాలి. ఒప్పుకోని డ్రైవర్‌కి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఇక నీ హైదరాబాద్ సంగతి. సుమారు 300 కిలోమీటర్లు, ఒక్క రాత్రి ప్రయాణం. దీనికి ఏసీ బండి అక్కర్లేదు. టన్నున్నర దాకా కాయ ఉంటే బొలెరో పికప్ మాట్లాడుకో. నీ తోటలో ఎక్కిన పెట్టె నీ మనిషి ముందే దిగుతుంది, మధ్యలో ఎవరూ చెయ్యి వెయ్యరు. ముప్పాతిక టన్ను లోపైతే టాటా ఏస్ చాలు. మరీ పది పదిహేను పెట్టెలే అయితే ఆర్టీసీ కార్గో మంచిదే, కానీ లెక్క వేసుకో: ఇక్కడ కౌంటర్‌లో ఒకసారి, బస్సులోకి ఒకసారి, అక్కడ దించేటప్పుడు ఒకసారి, మళ్లీ ఇంటికి చేర్చే ఆటోలో ఒకసారి. నాలుగు చేతులు మారే పెట్టె గట్టిగా ఉండాలి. పల్చటి అట్టపెట్టె వాడితే పై బరువుకి నలిగిపోతుంది, ఆ తర్వాత కాయ ఎంత మంచిదైనా కొన్నవాళ్లు మళ్లీ అడగరు.

కిరాయి విషయం ఇలా చూడు. పది కిలోల పెట్టెలు వంద పంపావనుకుందాం. చౌక బండి వల్ల కిలోకి రెండు రూపాయలు, మొత్తం 2,000 మిగిలాయి. దారిలో ఎనిమిది పెట్టెలు చెడ్డాయనుకో, కిలో 80 చొప్పున 6,400 పోయినట్టే. ఈ లెక్క లోడింగ్ రోజున ఎవరికీ గుర్తుకు రాదు.

ఢిల్లీకి రైలు గురించి అడిగావు. విజయనగరం వైపు షావుకార్లు రైల్లో మామిడి పంపిస్తూనే ఉన్నారు, 2020 సెప్టెంబర్‌లో అనంతపురం నుంచి కిసాన్ రైలు కూడా ఢిల్లీ వెళ్లింది. అయితే ఒక పార్శిల్ వ్యాన్, అంటే రైలుకి తగిలించే సరుకు బోగీ, 23 టన్నులు పడుతుంది. నీ ఒక్కడి కాయతో అది నిండదు. చుట్టుపక్కల రైతులు ఆరేడుగురు కలిసి నింపగలిగితేనే ఆ దారి. ప్యాసింజర్ రైలు పార్శిల్ బోగీలో విడిగా వేయడం మాత్రం నాకు ఇష్టం లేదు. బండి ఆగే ఆ కొద్ది నిమిషాల్లో హమాలీలు పెట్టెలు విసరక ఏం చేస్తారు పాపం. 2020 లాక్‌డౌన్‌లో రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల రైలు మొదలుపెట్టారు గుర్తుందా? ట్యాంకర్‌లో పోసిన పాలు ఢిల్లీలోనే దిగేవి, మధ్యలో ఎవరూ ముట్టుకునేవారు కాదు. అంత దూరం పాలే చెడకుండా వెళ్లాయంటే కారణం చల్లదనం ఒక్కటే కాదు, దారిలో చేతులు మారకపోవడం కూడా.

చల్లటి బండి కావాలనుకుంటే ఒక మాట. 13 డిగ్రీలు పెట్టమను. ఇంకా తగ్గిస్తే కాయకి చలి దెబ్బ తగిలి తొక్క బూడిద రంగుకి తిరుగుతుంది, సరిగ్గా మాగదు. పైగా ఆ బండి చల్లగా ఉన్న కాయని చల్లగా ఉంచుతుందే గానీ, ఎండ వేడిమీదున్న కాయని చల్లార్చలేదు. కోసిన కాయని చెట్టు నీడన ఆరబెట్టి, సొన కారనిచ్చి, వేడి తగ్గాకే ఎక్కించు.

తాజా పండ్లకి జీఎస్టీ లేదు కాబట్టి సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు గొడవ ఉండదు. అయినా ఎన్ని పెట్టెలు, ఎంత బరువు, ఎవరికి అన్నది రాసిన కాగితం డ్రైవర్ చేతిలో ఉంచు.

మొదటిసారి అంతా ఒకేసారి పంపకు. ఇరవై పెట్టెలు పికప్‌లో, పది కార్గోలో పంపి, నువ్వు వెళ్లి రెండూ నీ చేత్తో విప్పు. అడుగు వరస కాయ చూడు, పై వరస చూసి సంబరపడొద్దు.

శుక్రవారం కోత అన్నావుగా. గురువారం పొద్దున్నే బండివాడితో మాట్లాడి నాకు ఫోన్ చెయ్యి. లోడింగ్‌కి నేనూ వస్తాను, అక్కకి చెప్పు, భోజనం అక్కడే.

మీ మామయ్య