ఒప్పందాల డ్రాఫ్టుల్లో కామెంట్ల గురించి మా అమ్మాయికి ఉత్తరం

హైదరాబాదు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

గచ్చిబౌలిలోని మీ కంపెనీవారు నిన్ను కాంట్రాక్టుల విభాగానికి మార్చారని, వెండర్లతో చేసుకునే ఒప్పందాల డ్రాఫ్టులన్నీ ఇకపై ఆన్‌లైన్‌లో నీ చేతి మీదుగానే నడుస్తాయని మీ నాన్న చెప్పాడు. ఫైలు తెరిస్తే మార్జిన్ నిండా కామెంట్లే ఉంటున్నాయని, వాటిలో తేలినదేదో తేలనిదేదో అర్థం కావడం లేదని నువ్వన్నావట. ఉద్యోగ జీవితమంతా ఈ పనిలోనే గడిపినవాణ్ణి కనుక, నాకు తెలిసినది కాస్త వివరంగానే రాస్తున్నాను.

మామూలుగా కామెంటు ఒప్పందంలో భాగం కాదు. సంతకాలు పడే పత్రంలో ఏ వాక్యం ఉంటుందో అదే ఇరుపక్షాలనూ కట్టిపడేస్తుంది. అందువల్ల ప్రతి కామెంటూ చివరకు క్లాజులో, అంటే ఒప్పందంలోని నిబంధనలో, ఒక మార్పుగానో, మార్పు అక్కరలేదన్న స్పష్టమైన నిర్ణయంగానో తేలవలసిందే. ఆ తేలడానికి ముందే, కామెంటును మూసే రిజాల్వ్ బటన్ నొక్కేయడం నేను ఆఫీసుల్లో తరచుగా చూసిన పొరపాటు. అవతలివారు "సరే, మారుస్తాం" అని జవాబు రాయగానే ఇవతలివారు సంతోషంగా కామెంటు మూసేస్తారు, క్లాజు మాత్రం పాత మాటలతోనే సంతకానికి వెళ్తుంది. కనుక మూసే ముందు క్లాజులో అక్షరాలు నిజంగా మారాయో లేదో నీ కళ్లతో చూసుకో. కామెంటును ఎవరు లేవనెత్తారో వారే మూయాలన్న నియమం కూడా మీ బృందంలో పెట్టించు. రిజాల్వ్ వేరు, డిలీట్ వేరు అన్నదీ గుర్తుంచుకోవాలి. గూగుల్ డాక్స్‌లో రిజాల్వ్ చేసిన కామెంటు పేజీ పక్కనుంచి తొలగిపోయినా కామెంట్ల చరిత్రలో ఉంటుంది, అవసరమైతే అక్కడినుంచి మళ్లీ తెరవవచ్చు. చర్చలు నడుస్తున్నంతకాలం డిలీట్ జోలికి మాత్రం పోవద్దు.

ఇక కామెంటు రాసే తీరు. "ఇది చూడండి", "ఇలా కుదరదు" వంటి కామెంట్లకు జవాబుగా మరో ప్రశ్న వస్తుందే తప్ప పని ముందుకు సాగదు. ఒక కామెంటులో ఒకే విషయం ఉండాలి, అభ్యంతరానికి కారణం ఉండాలి, బదులుగా నువ్వు కోరే వాక్యం ఉండాలి, ఎవరు ఎప్పటిలోగా జవాబివ్వాలో ఉండాలి. ఉదాహరణకు, సేవలందించే ఒక వెండర్‌తో ఒప్పందంలో చెల్లింపు గడువు 60 రోజులని మీవాళ్లు రాశారనుకో. ఆ వెండర్ ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న సంస్థ అయితే, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006లోని 15వ సెక్షను ప్రకారం, రాతపూర్వకంగా ఎంత గడువు ఒప్పుకున్నా అది 45 రోజులు మించకూడదు. మించితే 16వ సెక్షను కింద రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలవారీ చక్రవడ్డీ కట్టవలసి వస్తుంది, అంటే ఆ క్లాజు చివరికి మీ కంపెనీకే భారం. ఇక్కడ నువ్వు "గడువు ఎక్కువగా ఉంది" అని రాస్తే ఫైనాన్సు విభాగంవారు నవ్వి ఊరుకుంటారు. "వెండర్‌కు ఉద్యమ్ నమోదు ఉంది, 2006 చట్టంలోని 15వ సెక్షను వర్తిస్తుంది, 60 రోజులకు బదులు 45 రోజులని మార్చాలని ప్రతిపాదన, ఫైనాన్సువారు బుధవారంలోగా ధ్రువీకరించగలరు" అని రాస్తే ఎవరూ కాదనలేరు. అట్ గుర్తు పెట్టి సంబంధిత వ్యక్తి పేరును చేరిస్తే వారికి కబురు వెళ్తుంది. పేరు లేని కామెంటును పట్టించుకునే నాథుడు ఉండడు.

నేరుగా వాక్యాన్ని దిద్దవలసి వచ్చినప్పుడు గూగుల్ డాక్స్‌లో ఎప్పుడూ, దిద్దినది సూచనగా మాత్రమే కనబడే సజెస్టింగ్ పద్ధతిలోనే ఉండు. అవతలి పక్షానికి ఎడిటర్ హక్కు ఇవ్వకుండా కామెంటర్ హక్కు ఇస్తే, వారు సూచనలు చేయగలరు కానీ అసలు పాఠాన్ని మార్చలేరు. వర్డ్‌లో ప్రతి మార్పునూ గుర్తు పెట్టి చూపే ట్రాక్ ఛేంజెస్ అందరికీ ఆన్ చేసి, దాన్ని ఎవరూ ఆపకుండా పాస్‌వర్డ్‌తో లాక్ ట్రాకింగ్ పెట్టుకోవచ్చు. అయినా ఆ తాళాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. ఫైలు అవతలినుంచి తిరిగి వచ్చిన ప్రతిసారీ, నువ్వు పంపిన ప్రతితో దాన్ని కంపేర్ చేసి చూడు. ట్రాకింగ్ లేకుండా జరిగిన మార్పు మార్జిన్‌లో కనబడదు, పోల్చి చూస్తేనే బయటపడుతుంది. ఇందులో అవతలివారిని శంకించడమేమీ లేదు, వారు కూడా నీ ఫైలును ఇలాగే పరీక్షించాలి. ప్రతి విడత చర్చ ముగిశాక వెర్షన్ హిస్టరీలో ఆ ప్రతికి తేదీతో ఒక పేరు పెట్టు.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది లోపలి మాటల విషయంలో. పెళ్లి సంబంధం కుదుర్చుకునేటప్పుడు ఎంతవరకు దిగవచ్చో ఇంట్లో అనుకున్న మాటలను వియ్యాలవారి ముందు అనం కదా. "ధరలో 10 శాతం దాకా తగ్గవచ్చని ఎండీ గారు అన్నారు" అన్న కామెంటు అవతలివారి చేతికి చిక్కితే ఇక బేరమాడడానికి మీకేమీ మిగలదు. 2004లో అమెరికాలో ఎస్‌సీఓ గ్రూపు అనే సంస్థ డైమ్లర్‌క్రైస్లర్ మీద వేసిన దావా పత్రం వర్డ్ ఫైలులో, మొదట బ్యాంక్ ఆఫ్ అమెరికా మీద దావా వేయాలనుకున్న సంగతి దాగి ఉన్న సమాచారం ద్వారా బయటపడి పత్రికలకెక్కింది. తెరమీద కనబడనంత మాత్రాన ఫైలులో లేనట్టు కాదు. వర్డ్‌లో నో మార్కప్ అని ఎంచుకుంటే మార్పులూ కామెంట్లూ దాగుతాయే తప్ప పోవు. కాబట్టి లోపలి చర్చకు ఒక ఫైలు, బయటికి వెళ్లేందుకు మరొక ఫైలు ఉండాలి. గూగుల్ డాక్స్‌లో ప్రతి తీసేటప్పుడు కామెంట్లను, సూచనలను కూడా చేర్చమనే గడిని ఖాళీగా వదిలేయి. వర్డ్‌లోనైతే బయటికి పంపే ముందు ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నడిపించి కామెంట్లు, పాత మార్పులు, రచయిత వివరాలు తీసివేయి. రెండు ఫైళ్లు పెట్టుకోవడం చాదస్తమని మీవాళ్లు అనవచ్చు, అననీ.

కామెంట్లలో వాడే మాటల బరువు గురించి కూడా చెప్పాలి. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 7వ సెక్షను ప్రకారం అంగీకారం షరతులు లేనిదై, సంపూర్ణంగా ఉండాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరిగినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 10ఏ సెక్షను చెబుతుంది. 2010లో ట్రైమెక్స్ ఇంటర్నేషనల్, వేదాంత అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు, ఈ-మెయిళ్ల ద్వారా ప్రతిపాదన, అంగీకారం పూర్తయ్యాక, లాంఛనంగా రాసుకోవలసిన పత్రం మీద సంతకాలు కాలేదన్న కారణంతో ఒప్పందమే లేదనడం కుదరదని తేల్చింది. అందుకని ప్రధానమైన షరతుల దగ్గర ఊరికే "ఓకే" అని రాయవద్దు. "యాజమాన్యం ఆమోదానికి లోబడి" అన్న మాట చేర్చు. కోపంగా రాసిన కామెంటు రేపు కోర్టులో సాక్ష్యంగా ముందుకు రావచ్చు, కనుక పేరుపేరునా మర్యాదగానే రాయి.

సంతకానికి ముందు ఒక్క కామెంటు కూడా తెరిచి ఉండకూడదు, ఒక్క సూచన కూడా పెండింగులో ఉండకూడదు. అన్నీ తేలాక పత్రాన్ని మొదటినుంచి చివరిదాకా ఒకసారి శుభ్రంగా చదువు. మధ్యలో ఒక క్లాజు తీసేస్తే కింది సంఖ్యలు మారతాయి, "7.2వ క్లాజులో చెప్పినట్టు" అన్న వాక్యం మరెక్కడికో చూపిస్తుంది. నిర్వచనాల భాగంలో మార్చిన పదం మిగతాచోట్ల పాతగానే ఉండిపోతుంది. ఆ తర్వాతే పీడీఎఫ్ చేసి, అంతకుముందు ఇరుపక్షాలూ ఒప్పుకున్న ప్రతితో మరోసారి పోల్చి సంతకాలకు పంపు.

సంతకాలయ్యాక కామెంట్లతో ఉన్న పాత ఫైలును చెత్తలో వేయవద్దు. ఎవరు ఎందుకు ఒప్పుకున్నారో మూడేళ్ల తర్వాత అడిగితే జవాబు అందులోనే దొరుకుతుంది. అది ఒక ఉద్యోగి సొంత డ్రైవ్‌లో ఉంటే, వారు ఉద్యోగం మానినప్పుడు ఖాతాతోపాటు పోయే ప్రమాదముంది. అందుకే కంపెనీ పేరున ఉన్న షేర్డ్ డ్రైవ్‌లో, సంతకమైన పీడీఎఫ్ పక్కనే, చదవడానికి మాత్రమే హక్కులిచ్చి పెట్టించు.

ఇట్లు,
మీ పెదనాన్న