పుంజును అమ్మవద్దు: లోపం ఇంక్యుబేటర్‌లోని తేమలో, వేడిలో ఉంది

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా పలమనేరు మండలం. నాటుకోళ్లు పెంచుతున్నాను. కార్తీకంలో ఫ్యాను ఉన్న థర్మాకోల్ ఇంక్యుబేటర్‌లో 48 గుడ్లు, అదే రోజు పొదుగు కోడి కింద 12 గుడ్లు పెట్టాను. కోడి కింద 21వ రోజుకు 10 పిల్లలు వచ్చాయి. ఇంక్యుబేటర్ గుడ్లను ఏడో రోజు వెలుతురులో చూస్తే 43 గుడ్లలో రక్తనాళాలు కనిపించాయి కానీ, 22, 23 రోజుల్లో 14 పిల్లలే బయటికి వచ్చాయి. వాటిలో ఐదు పొట్ట ఉబ్బి చనిపోయాయి. మిగిలిన గుడ్లు పగలగొడితే పూర్తిగా పెరిగిన పిల్లలు నీళ్లలో నాని చచ్చి ఉన్నాయి. పుంజులో సత్తువ లేదని నా అనుమానం. మందుల షాపు వారు పుంజును మార్చమన్నారు, పెట్టలకు విటమిన్ టానిక్, పిల్లలకు యాంటీబయాటిక్ ఇచ్చారు, గుడ్లపై రోజూ నీళ్లు చల్లమన్నారు. పుంజును ఇంకా మార్చలేదు, మిగతావి అలాగే చేశాను. వచ్చే విడతకు ఏం చేయాలి?

జవాబు: మీ అనుమానం సరికాదు. పుంజులో లోపముంటే ఏడో రోజునే ఎక్కువ గుడ్లు వట్టివిగా తేలాలి. 48 గుడ్లలో 43 గుడ్లు పిండం కట్టాయంటే ఆ పుంజు తన పని చక్కగానే చేసింది. అవే పెట్టల గుడ్లు కోడి కింద 12కు 10 పిల్లలుగా మారాయి కాబట్టి పెట్టల మేతను తప్పుపట్టడానికి కూడా ఆధారం లేదు. టానిక్ మీద పెట్టిన ఖర్చు వృథా.

పిల్లలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా రావడం, పచ్చసొన లోపలికి పూర్తిగా పోక పొట్ట ఉబ్బడం, గుడ్డులో నీరు మిగిలిపోవడం అనే మూడు లక్షణాలు కలిసి కనిపించినప్పుడు, గుడ్లకు అందవలసిన వేడి తగ్గిందనీ, తేమ మితిమీరిందనీ అర్థం చేసుకోవాలి. ఈశాన్య రుతుపవనాల వానలు కురిసే కార్తీకంలో మన ప్రాంతపు గాలిలోనే తేమ ఎక్కువగా ఉంటుంది. దానికి తోడు మీరు రోజూ నీళ్లు చల్లారు. గుడ్డు లోపలి నీరు పెంకులోని సన్నని రంధ్రాల గుండా కొంత ఆవిరైపోతేనే వెడల్పు వైపున గాలి గది పెరుగుతుంది. పిల్ల పెంకు పగలగొట్టే ముందు ముక్కును ఆ గదిలోకి చొప్పించి మొదటి శ్వాస అక్కడే తీసుకుంటుంది. ఆ గది చిన్నదైపోతే పిల్ల ఎంత బలంగా ఉన్నా ఊపిరాడక చనిపోతుంది. గుడ్లపై నీళ్లు చల్లమన్న సలహా ఈ కాలంలో చాలా హానికరం. టానిక్ అమ్మే వ్యక్తి మీ ఇంక్యుబేటర్‌ను చూడలేదు, చనిపోయిన గుడ్డును పగలగొట్టి చూడలేదు. అటువంటి సలహాపై పుంజును అమ్ముకోవడం, పిల్లలకు మందులు పట్టడం ఇకనైనా మానండి.

ముందుగా థర్మామీటర్‌ను సరిచూడండి. జ్వరం చూసే మంచి థర్మామీటర్‌ను, ఇంక్యుబేటర్ సెన్సార్‌ను గోరువెచ్చని నీటిలో పక్కపక్కనే ఉంచి రెండూ చూపే అంకెలను పోల్చండి. ఎంత తేడా ఉంటే అంత సవరించి అమర్చుకోండి. సెన్సార్ బల్బు దగ్గరో మూత కిందో వేలాడుతుంటే అక్కడి వేడినే చూపిస్తుంది, గుడ్లు మాత్రం చల్లగా ఉంటాయి. దానిని గుడ్ల పైభాగం ఎత్తులో, బల్బుకు దూరంగా కట్టండి. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 నుంచి 37.8 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. మార్గశిర, పుష్య మాసాల్లో మీ పీఠభూమిలో రాత్రులు బాగా చల్లబడతాయి కనుక పెట్టెను వసారాలో కాక గాలి నేరుగా తగలని గదిలో పెట్టండి. వేసవిలో మాత్రం రేకుల గది పనికిరాదు, ఎందుకంటే ఈ పెట్టెలు వేడి చేయగలవే తప్ప చల్లబరచలేవు. కొద్దిసేపటి చలి కంటే 40 డిగ్రీలు దాటిన వేడి పిండాన్ని త్వరగా చంపుతుంది.

తేమ మొదటి 18 రోజులు 50 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70 శాతం ఉండాలి. చౌక తేమ మీటర్లను నమ్మడం కంటే గుడ్లను తూచడం మేలు. పెట్టే రోజున పది గుడ్లకు పెన్సిల్‌తో గుర్తు పెట్టి కలిపి తూచండి. అవి 450 గ్రాములుంటే ఏడో రోజుకు సుమారు 20 గ్రాములు, 14వ రోజుకు 40 గ్రాములు, 18వ రోజుకు 50 నుంచి 58 గ్రాములు తగ్గాలి. అంతకంటే తక్కువ తగ్గితే నీటి పళ్లెం తీసివేసి గాలి రంధ్రాలు ఇంకొంచెం తెరవండి; మరీ ఎక్కువ తగ్గితే పళ్లెం పెంచండి. గుడ్లను రోజుకు మూడు లేదా ఐదు సార్లు తిప్పి, 18వ రోజున తిప్పడం ఆపి, రంధ్రాలన్నీ తెరిచి, ఆపై మూత తీయకండి. పిల్ల పెంకు పగలగొట్టడం చూడాలని మాటిమాటికీ మూత తీస్తే లోపలి పొర ఎండి అంటుకుపోతుంది. ఏడు రోజులకు మించి నిల్వ ఉన్న గుడ్లు, కడిగిన గుడ్లు, ఫ్రిజ్‌లో ఉంచిన గుడ్లు పొదగడానికి వద్దు.

పొదుగు కోడిని, ఇంక్యుబేటర్‌ను ఒకే రోజు మొదలుపెట్టిన మీ పద్ధతి చాలా మంచిది, కొనసాగించండి. గుడ్లు పెట్టే ముందు కోడి రెక్కల కింద పేలు లేవని చూసుకోండి. పిల్లలు వచ్చిన రాత్రి చీకటిలో ఇంక్యుబేటర్ పిల్లల్లో కొన్నింటిని కోడి కింద చేరిస్తే సాధారణంగా అంగీకరిస్తుంది. మొత్తం 15 మించకుండా చూడండి. మిగిలిన వాటికి బ్రూడర్‌లో (పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలో) మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ వేడి ఇవ్వాలి.

మీ లేఖలో టీకాల ప్రస్తావన ఎక్కడా లేకపోవడం నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. ఇంక్యుబేటర్‌లో 40 పిల్లలు తీసి కొక్కెర తెగులుకు (రాణిఖేత్ వ్యాధికి) వదిలేస్తే, ఇంత శ్రమా వారంలో పోతుంది. 5 నుంచి 7 రోజుల వయసులో కొక్కెర తెగులుకు లసోటా టీకా కంట్లో ఒక చుక్క, 14వ రోజున గంబోరో వ్యాధి టీకా, 28వ రోజున మళ్లీ లసోటా, ఆరో వారంలో కోళ్ల మశూచి టీకా, ఎనిమిదో వారంలో కొక్కెర తెగులుకే మరో టీకా ఆర్‌టుబి 0.5 మిల్లీలీటర్లు చర్మం కింద ఇప్పించాలి. పెట్టలకు కూడా టీకాలు సక్రమంగా పడితే పచ్చసొన ద్వారా పిల్లలకు తొలి వారాల్లో కొంత రక్షణ అందుతుంది. టీకా మందును ఐసు పెట్టెలో తెచ్చి, కలిపిన గంటలోపే వాడాలి. షాపు బల్లపై ఎండలో ఉన్న సీసాను ఎవరిచ్చినా తీసుకోకండి. సీసా 100 మోతాదులకు తక్కువ దొరకదని వాయిదా వేయకుండా, చుట్టుపక్కల నాలుగైదు ఇళ్ల వారు ఒకే వారంలో గుడ్లు పెట్టుకుంటే ఒక్క సీసా అందరి పిల్లలకూ సరిపోతుంది. మీ పశువైద్యశాలకు ముందుగా తేదీ చెప్పండి.

పొట్ట ఉబ్బిన పిల్లలకు యాంటీబయాటిక్ వాడినా, లోపల మిగిలిన పచ్చసొన తగ్గదు, బొడ్డు మూసుకోదు. వేడి, తేమ సరిచేశాక కూడా పిల్లలు గుడ్డులోనే చనిపోతుంటే పుల్లోరం వంటి బ్యాక్టీరియా వ్యాధి పెట్టల నుంచే వస్తున్నదేమో చూడాలి. అప్పుడు అటువంటి నాలుగైదు గుడ్లను పగలగొట్టకుండా, ఐసు మీద ఉంచి, అదే రోజు తిరుపతి పశువైద్య కళాశాలకు పరీక్షకు తీసుకురండి.