గంజాయి మానేశాక నిద్ర ఎందుకు పట్టదు?

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు, ఇంజినీరింగ్ మూడో ఏడు. హాస్టల్లో రెండేళ్లుగా రోజూ గంజాయి తాగుతున్నాడని తెలిసి ఇంటికి తెచ్చేశాం. మానేసి 4 రోజులైంది. రాత్రంతా మేలుకునే ఉంటున్నాడు, అన్నం ముట్టడు, పలకరిస్తే కసురుతున్నాడు, పక్కంతా చెమట. వాడికి మతి చలిస్తోందా డాక్టర్ గారూ?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: కంగారు పడకండమ్మా. మీరు రాసినవన్నీ మానేసినప్పుడు వచ్చే బాధలే. గంజాయిలో మత్తెక్కించేది టీహెచ్‌సీ అనే పదార్థం. ఆకలి, నిద్ర, జ్ఞాపకం, భయం వీటిని నడిపే మెదడు కణాల మీద అది వెళ్లి అతుక్కునే గ్రాహకాలున్నాయి. రోజూ తాగేవాడి మెదడు వాటిని తగ్గించుకుంటుంది. అందుకే పాత మత్తు కోసం మోతాదు పెరుగుతూ పోతుంది. ఆపేసరికి ఆకలి, నిద్ర రెండూ దెబ్బతింటాయి. ఆ గ్రాహకాలు దాదాపు 4 వారాల్లో మామూలు స్థాయికి వస్తాయి. బాధలు మొదటి వారంలోనే ఎక్కువ, 2, 3 వారాల్లో సర్దుకుంటాయి. పీడకలలు ఇంకొన్నాళ్లు రావచ్చు.

ఒక సంగతి అబ్బాయినే అడగండి: గంజాయిని పొగాకుతో కలిపి తాగేవాడా? మనవాళ్లలో చాలామంది సిగరెట్‌లో పొగాకు కొంత రాల్చి గంజాయి కూరుతారు. అలాగైతే నికోటిన్ కూడా ఒకేసారి ఆగినట్టు. చిరాకు రెట్టింపవుతుంది. డాక్టరుకు ఈ మాట చెబితే దానికి వేరే మందు ఇస్తారు.

పగలు పడుకోనివ్వకండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ వద్దు. పళ్లెం నిండా అన్నం పెట్టి బతిమాలేకంటే గంటా రెండు గంటలకోసారి మజ్జిగో, జావో, అరటిపండో ఇవ్వండి. మందుల షాపులో నిద్రమాత్రలు కొని వేయకండి, అదో కొత్త అలవాటవుతుంది. మూత్ర పరీక్ష కిట్ తెచ్చి నిలదీయడమూ వద్దు. టీహెచ్‌సీ కొవ్వులో దాక్కుని మెల్లగా బయటికి వస్తుంది. రోజూ తాగినవాడు నిజంగా మానేసినా నెలదాకా పాజిటివ్ రావచ్చు. నిజం చెబుతున్న పిల్లాణ్ని అబద్ధాలకోరును చేస్తే మళ్లీ మీకేమీ చెప్పడు.

ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడుతోందన్నా, మీరే అన్నంలో ఏదో కలుపుతున్నారని అనుమానించినా, చచ్చిపోతానన్నా అదే రోజు సైకియాట్రిస్టుకు చూపించండి. ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉండి ఉంటే అది దాచకండి, ఆ ముప్పు అలాంటివాళ్లకు ఎక్కువ. సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: స్నేహితులిచ్చిన గంజాయి చాక్లెట్ ముక్క తిన్నాను. గంటైనా ఏమీ కాలేదని ఇంకో రెండు తిన్నాను. తర్వాత గుండె దడదడ, చచ్చిపోతున్నానన్న భయం. ఎందుకలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పొగ నిమిషాల్లో మెదడుకు చేరుతుంది. తిన్నది కడుపు, కాలేయం దాటి రావాలి, అరగంట నుంచి 2 గంటలు పడుతుంది. కాలేయం దాన్ని ఇంకా గట్టి మత్తుగా మారుస్తుంది. మొదటి ముక్క ఎక్కేలోపే మీరు మరో రెండు వేశారు, మూడూ కలిసి వచ్చాయి. ఆ మత్తు 6 నుంచి 8 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. గుండె నిమిషానికి 20 నుంచి 50 సార్లు ఎక్కువ కొట్టుకోవచ్చు. ఇలాంటప్పుడు మనిషిని వెలుతురు తక్కువున్న గదిలో పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒకరు తోడుండాలి. మద్యం ఇవ్వకూడదు, మర్నాటిదాకా బండి తాళం చేతికివ్వకూడదు. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఫిట్స్ కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. చిన్నపిల్లలు పొరపాటున తింటే మాత్రం లక్షణాల కోసం ఎదురుచూడకండి, వాళ్లకు ఊపిరే మందగించవచ్చు.

ప్రశ్న: నెలకోసారి రెండు మూడు రోజులు ఆగకుండా వాంతులు. స్కానింగ్‌లో ఏమీ లేదు. వేడినీళ్లు పోసుకుంటేనే కాస్త నయం. మూడేళ్లుగా గంజాయి తాగుతున్నాను.
– పేరు వద్దు, విశాఖపట్నం

జవాబు: వేడినీళ్ల మాటే ముఖ్యమైన గుర్తు. ఏళ్ల తరబడి తాగేవారిలో కొందరికి ఇలా వస్తుంది. మామూలు వాంతి మాత్రలు తరచూ పనిచేయవు. వాంతులు తగ్గించుకోవడానికని ఇంకో దమ్ము లాగితే ముదురుతుంది. పూర్తిగా మానేస్తేనే తగ్గుతుంది, దానికి వారాలూ నెలలూ పట్టవచ్చు. ఈలోగా ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా తాగండి. మూత్రం తగ్గినా, నిలబడితే కళ్లు తిరిగినా సెలైన్ అవసరం. ఆస్పత్రిలో గంజాయి సంగతి ముందే చెప్పి, పొటాషియం, కిడ్నీ పరీక్షలు చేయించుకోండి.